సెల్ఫ్ తిరుగుతుంది, బండి పట్టదు



మా షెడ్డులో ఏళ్ళ తరబడి నిలబడిపోయిన పాత టాటా 1210 లారీ ఫోటో పోయిన వారం పెట్టాము. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజను మాత్రం పట్టడం లేదు అని రాశాము. చాలామంది అన్నదమ్ములు పాత ఇనుముకు వేసెయ్యమన్నారు. కొందరు పంపు పోయి ఉంటుందన్నారు. బరంపురం నుంచి ఒక అక్కయ్య మాత్రం, శాసనాలూ జాతరలూ రాసే చోట ఈ లారీ గోల ఏమిటని నవ్వుతూ అడిగారు.

అక్కయ్యా, మా హోసూరు పక్క మన చరిత్రలో సగం లారీ చక్రాల మీదే నడిచింది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం మాట్లాడే మా ఊళ్ళలో రెండెకరాల చేను అమ్మి లారీ కొన్నవాళ్ళు వీధికొకరు ఉండేవారు. కోయంబత్తూరు వైపు మనవాడైన జి.డి. నాయుడు గారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టిన సంగతి మీకందరికీ తెలుసు. ఆయనంత ఎత్తుకు ఎదగని వాళ్ళ కథ ఎవరూ రాయలేదు. అందుకే ఈ లారీ కథ. ఇందులో మా ఇంటి నష్టం ఒకటి ఉంది కాబట్టి ముందు అది చెబుతాము.

ఎనభైల చివర్లో ఒక వేసవి. రాయకోట సంతలో టమాటా ఎత్తుకుని మా మామ మద్రాసు కొత్తవాల్ చావిడికి బయలుదేరాడు. అప్పటికింకా కోయంబేడు మార్కెట్టు రాలేదు. కృష్ణగిరి దాటి, వాణియంబాడి దాటి, ఆంబూరు దగ్గర టీకి ఆపాడు. టీ తాగి వచ్చి సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది, పట్టదు. పక్కనే ఉన్న షెడ్డులో మెకానిక్ వచ్చి రెండుసార్లు సెల్ఫ్ కొట్టించి, "పంపు పోయింది" అన్నాడు. పంపు విప్పి వేలూరుకు పంపించారు. రెండు పగళ్ళు, రెండు రాత్రులు. టార్పాలిన్ కింద టమాటా వేడెక్కి రసం కారి రోడ్డు మీదికి వచ్చింది. మూడో రోజు పంపు వచ్చింది, బిగించారు, సెల్ఫ్ కొట్టారు. తిరిగింది, పట్టలేదు.

అప్పుడు పక్కన ఆగిన ఇంకో లారీ నుంచి ఒక ముసలి డ్రైవరు దిగాడు. చిత్తూరు వైపు మాట. "ఏమప్పా, పంపు విప్పినారే గానీ, డీజిల్ వచ్చే దారి చూసినారా?" అని అడిగాడట. ఒక డబ్బాలో డీజిల్ పోయించి, క్లీనరు కుర్రాడి చేత ఇంజను కంటే ఎత్తున పట్టించి, ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఊడదీసి, ఫీడ్ పంపుకు వేరే గొట్టం పెట్టి ఆ డబ్బాలో ముంచాడు. గాలి తీసి సెల్ఫ్ కొట్టించాడు. మూడో తిప్పుకు ఇంజను పట్టింది. ట్యాంకు దగ్గర రబ్బరు గొట్టం క్లిప్పు కింద వెంట్రుక మందాన చీలి ఉంది. దాని ఖరీదు టీ డబ్బులకు మించదు. ఆ లోడు బాకీ తీర్చడానికి మా మామ రెండో లారీ అమ్మేశాడు. మండీ షావుకారు దగ్గర పోయిన మాట మాత్రం మళ్ళీ రాలేదు.

ఆ చీలికలోంచి ఒక్క చుక్క డీజిల్ కూడా బయటికి కారలేదు. అదే మోసం. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న దారిలో పంపు పీలుస్తుంది కాబట్టి చిల్లు పడితే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఫీడ్ పంపు దాటిన తరువాతే ఒత్తిడి ఉంటుంది, అక్కడ చిల్లు పడితే తడి కనబడుతుంది. తడి లేదు కాబట్టి గొట్టాలు బాగున్నాయని ఆ మెకానిక్ అనుకున్నాడు. ఆయన మీద ఇప్పుడు కోపం లేదు. డీజిల్ ఇంజను ఎలా పుట్టిందో తెలియకపోతే ఎవరైనా అలాగే అనుకుంటారు.

పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి. డీజిల్‌కు అక్కర్లేదు. 1858లో పారిస్‌లో పుట్టిన రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు ఆలోచన అదే. సైకిలు పంపు గట్టిగా కొడితే అడుగు భాగం కాలుతుంది కదా, ఆ వేడినే వాడుకున్నాడు. గాలిని బాగా నొక్కితే దానంతట అదే ఎర్రగా కాలిన ఇనుములా వేడెక్కుతుంది, అందులో నూనె చిమ్మితే అంటుకుంటుంది. 1893లో పేటెంటు వచ్చింది, 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఇంజను సరిగ్గా నడిచింది. కానీ అప్పట్లో నూనెను సిలిండరులోకి చిమ్మడానికి ఇంకా ఎక్కువ ఒత్తిడి ఉన్న గాలి కావాల్సి వచ్చేది. ఆ గాలి కోసం వేరే కంప్రెసరు, పెద్ద సీసాలు. ఫ్యాక్టరీలో, ఓడలో సరే, లారీలో ఎక్కడ పెడతారు? డీజిల్ గారు 1913లో ఇంగ్లీషు ఛానెల్ దాటుతూ ఓడ మీదినుంచి మాయమయ్యాడు. తన ఇంజను లారీల్లో మామూలు కావడం ఆయన చూడలేదు.

1920ల మొదట్లో జర్మనీలో బెంజ్ వాళ్ళూ, మాన్ వాళ్ళూ డీజిల్ లారీలు తీశారు. వాటిని నిజంగా ఊరూరా నడిపించింది మాత్రం రాబర్ట్ బాష్ కంపెనీ పంపు. 1922 చివరలో ఆ పని మొదలుపెట్టి 1927లో పెద్ద ఎత్తున తయారీకి దిగారు. గాలి సీసాలు పోయాయి. వేలంత లావు ఉక్కు కడ్డీ ఒకటి గొట్టంలో పైకీ కిందికీ ఆడుతూ డీజిల్‌ను నేరుగా నాజిల్‌కు తోస్తుంది. ఆ కడ్డీకి పక్కన వాలుగా ఒక గాడి ఉంటుంది. కడ్డీని కొంచెం తిప్పితే గాడి జరిగి డీజిల్ ఎక్కువో తక్కువో పడుతుంది. అన్ని కడ్డీలనూ ఒకేసారి తిప్పడానికి పళ్ళున్న పొడుగాటి పట్టీ ఒకటి, దాన్ని మన షెడ్డుల్లో ర్యాక్ అంటారు. ఈ ర్యాక్ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దానితోనే పని పడింది.

మన దేశానికి ఇదంతా స్వాతంత్ర్యం వచ్చాకే గట్టిగా వచ్చింది. టాటా వాళ్ళు డైమ్లర్ బెంజ్‌తో కలిసి 1954లో జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. మద్రాసు ఎన్నూరు దగ్గర 1948లో పుట్టిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. పంపులూ నాజిళ్ళూ చేసే మైకో 1951లో పుట్టి బెంగళూరు ఆడుగోడిలో కార్ఖానా పెట్టుకుంది. 1969లో జర్మన్లతో ఒప్పందం ముగిశాక లారీల ముందు నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. 1980లో లేలాండ్ ఫ్యాక్టరీ మా హోసూరుకే వచ్చింది. అంటే పంపు పుట్టే ఊరికీ, లారీ పుట్టే ఊరికీ మధ్య మేము గంట ప్రయాణం దూరంలో ఉన్నాము. అయినా మా మామ టమాటా ఆంబూరు రోడ్డు మీద కుళ్ళింది.

ఆ దెబ్బ తరువాత మా మామ ఇంట్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒక వరుస నేర్పించాడు. దాన్ని మీకు చెబుతాము, బళ్ళారిలోనో యానాంలోనో పాత బండి, పాత ట్రాక్టరు ఉన్న మనవాళ్ళకు పనికొస్తుంది.

స్పానరు ముట్టకముందు గేరు న్యూట్రల్లో ఉందో లేదో చూసి, చక్రాల కింద చెక్క పెట్టాలి. తరువాత చెవి పెట్టాలి. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోందా, మూలుగుతోందా? నెమ్మదిగా తిరిగితే నొక్కిన గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది, వేడి గోడలకు పోతుంది. లోపల గాలి 500 డిగ్రీలు దాటితేనే పని జరుగుతుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా, చాసిస్‌కు వచ్చే ఎర్త్ వైరు తుప్పు పట్టినా, ఇంజను తిరుగుతూనే ఉంటుంది గానీ పట్టదు. మంచి బ్యాటరీ ఒకటి అడిగి తెచ్చి పెట్టి చూడటానికి ఖర్చేముంది? సెల్ఫ్‌ను పది, పదిహేను సెకన్లకు మించి పట్టుకోవద్దు, మధ్యలో చల్లారనివ్వాలి.

ఆ తరువాత సైలెన్సరు చూడాలి. మా మామ దాన్నే "బండి నోరు" అనేవాడు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పొగ అస్సలు రాకపోతే సిలిండరులోకి డీజిల్ పోవడం లేదు. తెల్ల పొగ, కళ్ళు మండించే వాసన వస్తే డీజిల్ పోతోంది గానీ అంటుకోవడం లేదు: వేడి చాలదు, లేదా కంప్రెషన్ పోయింది, లేదా పంపు టైమింగ్ జరిగింది. నల్ల పొగ వస్తూ పట్టకపోతే గాలి దారి మూసుకుందేమో, ఎయిర్ క్లీనరు చూడాలి. పాత టాటా మెర్సిడెస్ బళ్ళలో హీటరు ప్లగ్గులు ఉండేవి, చలికాలం తెల్ల పొగ వస్తే ముందు వాటినే చూసేవారు. తరువాతి డైరెక్ట్ ఇంజెక్షన్ బళ్ళకు అవి లేవు. హీటరు ప్లగ్గులున్న బండికి స్ప్రేలు, పెట్రోలు గుడ్డలు చూపించడం అంటే ఇంజను పగలగొట్టుకోవడమే.

పొగ లేకపోతే ట్యాంకు నుంచి మొదలుపెట్టాలి, పంపు నుంచి కాదు. డీజిల్ ఉందా అన్నది మొదటి ప్రశ్న. నవ్వకండి, గేజి మాట నమ్మి మోసపోయిన వాళ్ళలో మేమూ ఉన్నాము, కర్ర ముంచి చూడాలి. ట్యాంకు మూతకు ఉండే గాలి రంధ్రం బురదతో మూసుకుంటే లోపల శూన్యం ఏర్పడి డీజిల్ రాదు, మూత విప్పి చూస్తే తెలిసిపోతుంది. ఫిల్టరు మీద గాలి తీసే స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు చేతి మీట కొట్టాలి. నురుగు వస్తే గాలి ఉన్నట్టు, బుడగ లేకుండా వచ్చేదాకా కొట్టి బిగించాలి. ఎంత కొట్టినా బుడగలు ఆగకపోతే ఆంబూరు డబ్బా వైద్యం చెయ్యండి. డబ్బాతో పడితే జబ్బు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనే ఉంది: చీలిన గొట్టం, నలిగిన రాగి వాషరు, ట్యాంకులో మూసుకున్న జల్లెడ. డబ్బాతో కూడా పట్టకపోతేనే ముందుకు వెళ్ళాలి.

ముందుకు అంటే నాజిళ్ళ దగ్గరికి. నాజిల్ మీది నట్టు ఒకటి సగం తిప్పి వదులు చేసి సెల్ఫ్ కొట్టిస్తే డీజిల్ కొట్టుకు కొట్టుకు రావాలి. చెయ్యి మాత్రం దూరంగా ఉంచండి. నాజిల్ నుంచి వచ్చే సన్నటి ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. సూది గుచ్చినట్టే ఉంటుంది, కొన్ని గంటల్లో వేలు తీసేయాల్సి వస్తుంది. అలా దెబ్బ తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. అక్కడ ధార లేకపోతే అప్పుడు, అప్పుడు మాత్రమే, పంపు వైపు వేలు చూపించాలి. అందులో కూడా ఇంజను ఆపే కేబులు వెనక్కి వచ్చిందో లేదో ముందు చూడాలి. కేబులు లాగిన చోటే ఇరుక్కుంటే పంపు ఎంత మంచిదైనా ఒక్క చుక్క వదలదు.

పోయిన ఆదివారం మా పిల్లలతో కలిసి ఇదే వరుసలో మా 1210ను పట్టుకున్నాము. 12 అంటే టన్నులు, 10 అంటే వంద గుర్రాల బలం అని వాళ్ళకు అప్పుడే తెలిసింది. బ్యాటరీ మార్చాము. పొగ లేదు. ట్యాంకు అడుగున తుప్పు ముద్ద ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టి డబ్బాతోనే మొదలుపెట్టాము. ఫిల్టరు దగ్గర డీజిల్ గాజులా వచ్చింది. నాజిల్ నట్టు దగ్గర చుక్క లేదు. కేబులు సరిగ్గానే ఉంది. ఇంకేముంది, పంపేనని మా పెద్దబ్బాయి స్పానరు తీశాడు. ఆగరా అని పంపు పక్క మూత మాత్రం విప్పాము.

ర్యాక్ కదలడం లేదు. బండిని ఆపినప్పుడు డీజిల్ ఆగే చోటికి వెళ్ళి, అన్నేళ్ళూ అక్కడే జిగురు పట్టి అతుక్కుపోయింది. సుత్తి దెబ్బ కాదు, శుభ్రమైన డీజిల్ పోసి నానబెట్టి, మధ్యాహ్నం భోంచేసి వచ్చి వేలితో అటూ ఇటూ నెమ్మదిగా ఆడించాము. సాయంత్రానికి స్ప్రింగు దానంతట అదే లాగేంత వదులైంది. ఇలాంటి బండికి ఒక జాగ్రత్త ఉంది. ర్యాక్ మళ్ళీ నిండా తెరుచుకున్న చోట ఇరుక్కుంటే ఇంజను ఆగకుండా వేగం పెరిగిపోయి పగిలిపోతుంది. అందుకని ఎయిర్ క్లీనరు గొట్టం ఊడదీసి, గాలి దారి మూయడానికి మందపాటి చెక్క పట్టుకుని ఒకరు సిద్ధంగా నిలబడ్డాకే సెల్ఫ్ కొట్టాము.

ముందు తెల్ల పొగ. తరువాత ఒక సిలిండరు దగ్గింది, ఇంకోటి అందుకుంది. అయిదు నిమిషాలు ఆడించి ఆపాము. ఆపే కేబులు లాగితే ఆగింది, అదే అన్నిటికంటే సంతోషం. మా మామకు ఇప్పుడు ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది. కుర్చీలోనే కూర్చుని బానెట్టు మీద అరచెయ్యి పెట్టి, "నాలుగో సిలిండరు ఇంకా సరిగ్గా కొట్టడం లేదు, నాజిల్ చూపించండి" అన్నాడు.

పాత ఇనుము వ్యాపారికి వద్దని చెప్పేశాము. నాలుగో నాజిల్ రేపు టెస్టింగుకు పోతుంది. 1210 ట్యాంకు మంచిది ఎవరి షెడ్డులోనైనా ఊరికే పడి ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాము.