కాడి కట్టిన ఆట

గద్వాల, వనపర్తి సంస్థానముల చరిత్రలు మీరు పలుమారులు వినియున్నారు. ఈ దినమున నేను చెప్పబూనినది ఒక ఆటగాని చరిత్ర. ముసలి పండితునకు ఈ పని యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. భారతభాగవతములలో మల్లయుద్ధములకు చోటున్నప్పుడు, తెలుగునాట పుట్టి, ప్రపంచమున ప్రథమస్థానము నందిన జంటలో సగమైన యువకునికి చరిత్రలో చోటేల యుండరాదు? సగమనుట తప్పుమాట కాదు. అతని కథలోని చిక్కంతయు ఆ సగములోనే యున్నది.

ముందుగా ఆట యెట్టిదో చెప్పవలెను. ఉన్నిబంతితో ఇరువైపుల ఐదుగురేసి యాడు బాల్ బ్యాడ్మింటన్ మీ రెఱిగినదే. నేను చెప్పునది దానికి జ్ఞాతియైన షటిల్ ఆట. ఇందు బంతికి మాఱుగా బెండునకు పదునాఱు ఈకలు గ్రుచ్చిన షటిల్‌ను బ్యాటుతో కొట్టుదురు. దాని బరువు ఐదున్నర గ్రాములకు మించదు. 1870 తరువాతి యేండ్లలో పూనా దండులోని తెల్లదొరలు దీనికి నియమములు కూర్చిరి. ఇంగ్లండులోని బ్యాడ్మింటన్ అను భవనము పేరు దీనికి స్థిరపడెను. ఆటస్థలము పొడవు 44 అడుగులు. ఒకరితో ఒకరు ఆడు ఒంటరి యాటకు వెడల్పు 17 అడుగులు, ఇరువైపుల ఇద్దఱేసి యాడు జంట యాటకు 20 అడుగులు. మనుష్యులు రెట్టింపైనను నేల పెరిగినది మూడడుగులు మాత్రమే! కావున ఒకరి కాలికి మఱొకరు అడ్డము రాకుండుటయే ఈ విద్యలో సగము. కొట్టునప్పుడు ఒకడు వెనుకను, ఒకడు వల దగ్గఱను నిలువవలెను. కాచుకొనునప్పుడు ఇద్దఱును ప్రక్కప్రక్కల నిలువవలెను. ఈ మార్పు ఱెప్పపాటులో జరుగవలెను. మాటాడుకొనుటకు వ్యవధి యుండదు.

రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2000 ఆగష్టు 13వ తేదీన కోనసీమలోని అమలాపురమున జన్మించెను. తండ్రి కాశీవిశ్వనాథ్ వ్యాయామోపాధ్యాయుడు. బాలుడు 2014లో హైదరాబాదు చేరి, పుల్లెల గోపీచంద్ శిక్షణాలయమున ప్రవేశించెను. అప్పటికి మన దేశమున ఈ యాటవలన వచ్చిన కీర్తి చాలవరకు ఒంటరి యాటదే. 1980లో ప్రకాశ్ పదుకోనె, 2001లో గోపీచంద్ ఇంగ్లండునందలి ప్రసిద్ధమైన పోటీని గెలిచినది ఒంటరి యాటలోనే. జంట యాట యనిన ఒంటరిగా నెగ్గలేనివాని ఆశ్రయమని పలువురు తలచుచుండిరి. ఈ తలంపు అన్యాయమని నా యభిప్రాయము. హైదరాబాదున పెరిగిన గుత్తా జ్వాల దీనికి గట్టిగా ఎదురు నిలిచినది. ఆమె 2011లో అశ్వినీ పొన్నప్పతో కూడి ప్రపంచపోటీలలో కాంస్యపతకము గొన్నది. మఱుసటి యేట లండన్ ఒలింపిక్స్‌లో ఆ యిరువురు తమ వర్గమున మూడు పోటీలలో రెండు గెలిచియు, ఒక్క పాయింటు తేడాచే ముందుకు పోజాలక నిలిచిపోయిరి. ఈ సంగతి గుర్తుంచుకొనుడు.

2015 ప్రాంతమున మలేసియా దేశస్థుడగు టాన్ కిమ్ హెర్ భారతదేశపు జంటలకు శిక్షకుడై వచ్చెను. ఆయన సాత్విక్‌ను ముంబాయివాడైన చిరాగ్ శెట్టితో జత కలిపెను. ఇద్దఱును పొడగరులు; ఇద్దఱును వెనుక నిలిచి బలముగా కొట్టుటకు అలవాటుపడినవారు. మన సీమలో బండలాగుడు పోటీలు చూచినవారికి ఈ చిక్కు వెంటనే తెలియును. రెండెద్దులును దాపటకే మఱిగినవైనచో కాడి యెట్లు సాగును? ఒకటి వలపటకు అలవాటు పడక తప్పదు. ఇచ్చట చిరాగ్ వల దగ్గఱకు వచ్చి నిలువ నేర్చుకొనెను. సాత్విక్ పిడుగువంటి దెబ్బకు చోటు దొరకినది అందువలననే. 2023 ఏప్రిల్‌లో జపానున కొలిచినప్పుడు ఆ దెబ్బ వేగము గంటకు 565 కిలోమీటర్లుగా తేలి, గిన్నిస్ గ్రంథమున కెక్కినది. జనులు ఆ అంకెనే చెప్పుకొందురు. వలదగ్గఱ నిలిచినవానిని తలచువారు తక్కువ.

2018లో కామన్వెల్త్ క్రీడలలో రజతము, 2019లో థాయిలాండు పోటీలో విజయము లభించెను. పిదప 2021లో టోక్యో ఒలింపిక్స్ జరిగెను. వీరు తమ వర్గమున తైవాను జంటను ఓడించిరి, ఇంగ్లండు జంటను ఓడించిరి, ఇండొనేసియా జంటచే ఓడిరి. మూడు జంటలును రెండేసి గెలుపులతో సమానమైనందున గెలిచిన ఆటల లెక్క తీసిరి; ఆ లెక్కలో మనవారు వెనుకబడి బయటపడిరి. లండనున జ్వాలకు పట్టిన గతియే వీరికిని పట్టెను. వీరిచే ఓడిన తైవాను జంట ఆ పిమ్మట స్వర్ణపతకమును గెలిచినది!

తరువాతి రెండేండ్లు వీరివి. 2022 మే నెలలో భారతదేశము థామస్ కప్పును తొలిసారి గెలిచినది. ఆ తుదిపోరున వీరు మొదటి ఆట కోల్పోయి, రెండవదానిలో ఓటమి యంచున పలుమారులు నిలిచి, 18–21, 23–21, 21–19గా నెగ్గిరి. అదే యేట కామన్వెల్త్ స్వర్ణము, 2023లో ఆసియా విజేతృత్వము, హాంగ్జౌ ఆసియా క్రీడలలో స్వర్ణము వచ్చెను. ఆ అక్టోబరులో ప్రపంచ జంటలలో వీరు మొదటివారైరి. అంతకుమున్ను ఏ భారతీయ జంటకును ఆ స్థానము దక్కలేదు.

ఆరన్ చియా, సో వూయి యిక్ అను మలేసియా జంట మాత్రము వీరికి కంటకము. వారిచేత వరుసగా ఎనిమిదిమారులు ఓడిన పిమ్మట, 2023 జూనున జకార్తాలో మనవారు వారిని తొలిసారి గెలిచిరి. కాని 2024 ఆగష్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో, పతకపు పోరునకు ఒక మెట్టు దిగువన, మొదటి ఆట గెలిచియు ఆ జంటకే ఓడిరి.

2025 ఫిబ్రవరిలో కాశీవిశ్వనాథ్ గుండెపోటున గతించెను. బాలునిచేత తొలుత బ్యాటు పట్టించిన తండ్రి యాయన. ఆ ఆగష్టులో ప్రపంచపోటీలు మరల పారిస్‌లోనే, ఒలింపిక్స్ జరిగిన ఆ మందిరములోనే జరిగెను. నాలుగవ మెట్టున ఎదుట నిలిచినవారు మరల చియా, సో. మనవారు 21–12, 21–19గా గెలిచిరి. పిదప చైనా జంటచే ఓడి కాంస్యముతో తిరిగివచ్చిరి.