తెర మీద దేవుడు, తెర ముందు జనం

'భక్త పోతన' వచ్చాక చిత్తూరు నాగయ్యను జనం నటుడిగా చూడడం మానేశారు. ఎదురుపడితే కాళ్లకు దండం పెట్టేవారు. ఆ సినిమా తీసిన వాహినీ వారు అంతకుముందు 'వందేమాతరం', 'సుమంగళి', 'దేవత' లాంటి సాంఘికాలతో పేరు తెచ్చుకున్నారు. వితంతు వివాహాన్ని సమర్థించిన 'సుమంగళి'ని విజ్ఞులు మెచ్చుకున్నారు గానీ డబ్బులు రాలేదు. కె.వి.రెడ్డి తొలిసారి దర్శకత్వం వహించిన పోతన కథకు మాత్రం జనం విరగబడ్డారు.

తర్వాతి తరంలో ఈ మొక్కులు ఎన్టీఆర్‌కు దక్కాయి. తిరుపతిలో వెంకన్న దర్శనం చేసుకున్న యాత్రికుల బస్సులు అక్కడి నుంచి మద్రాసు బజుల్లా రోడ్డుకు వెళ్లి ఆయన ఇంటి ముందు ఆగేవి. దీన్ని అమాయకత్వం అని కొట్టిపారేసిన మేధావులు చాలామందే. నాకు మాత్రం అది అంత తేలిగ్గా తీసిపారేసే సంగతి అనిపించదు. ఎందుకో తెలియాలంటే 'కరుణామయుడు' సంగతి చూడాలి.

విజయచందర్ ఏళ్ల తరబడి అప్పులతో, ఆటంకాలతో నెట్టుకొచ్చి, తానే ఏసుగా నటించి తీసిన సినిమా ఇది. దర్శకుడు ఎ.భీమ్‌సింగ్, శివాజీ గణేశన్ కుటుంబ కథలతో తమిళులను ఏడిపించిన మనిషి. ఆయన 1978 జనవరిలో కన్నుమూశారు. ఆయనతో పాటు దర్శకుడిగా పేరున్న క్రిస్టఫర్ కొయిలో ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన ఫాదర్. ఆ ఏడాది డిసెంబరులో, క్రిస్మస్ ముంగిట బొమ్మ విడుదలైంది.

హాలీవుడ్ బైబిల్ సినిమాలు చూసిన కళ్లతో చూస్తే విగ్గులు, గడ్డాలు, సెట్టింగులు అన్నీ వెలవెలబోతాయి. ఆ లోపాలు నిజమే. కానీ దీని నడక 'బెన్‌హర్' నడక కాదు, మన పౌరాణికానిది. ఏసు నిదానంగా నడుస్తాడు, నిదానంగా మాట్లాడతాడు, కెమెరా ఆ ముఖం మీద తీరిగ్గా నిలబడుతుంది. కొడుకు సిలువ మోస్తుంటే మరియమ్మ పడే వేదన 'లవకుశ'లో సీతమ్మ కన్నీళ్లు చూసిన ప్రేక్షకులకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఆ సిలువ దారి మీదే బాలసుబ్రహ్మణ్యం గొంతులో మోదుకూరి జాన్సన్ రాసిన 'కదిలిందీ కరుణరథం' సాగుతుంది.

హాళ్లలో ఆట ముగిశాక సినిమా ఊళ్లు పట్టింది. క్రైస్తవ సంస్థల బృందాలు ప్రొజెక్టరు, జనరేటరు, తెల్లటి తెర వ్యానులో వేసుకుని పల్లెపల్లెకూ తిరిగాయి. చీకటి పడ్డాక బడి ముందో, చర్చి ముందో తెర కట్టేవారు. చాపలు తెచ్చుకున్నవాళ్లు ముందు, చోటు చాలనివాళ్లు తెర వెనక కూర్చునేవారు. వెనక నుంచి చూస్తే బొమ్మ తిరగబడి కనిపిస్తుందన్న పట్టింపు ఎవరికీ లేదు. బొమ్మ అయ్యాక ప్రసంగం, ప్రార్థన. మత ప్రచారానికి సినిమాను వాడుకున్నారన్న విమర్శ వచ్చింది, అందులో నిజం ఉంది కూడా. అయితే చూడవచ్చిన వాళ్లలో హిందువులు కూడా దండిగా ఉండేవారు. ఏసును ఇంకో దేవుడిగా లెక్కేసి దండం పెట్టుకుని ఇంటికి పోయారు. హిందీలో 'దయాసాగర్'గా, ఇంకెన్నో భాషల్లోకి ఈ సినిమా వెళ్లింది. అదే విజయచందర్ 1986లో షిర్డీ సాయిబాబాగా నటిస్తే, ఏసు వేసిన మనిషి బాబా ఏమిటని జనం అడగలేదు. ఆయనకూ మొక్కారు.

రాఘవేంద్రరావు తీసిన 'అన్నమయ్య' (1997) దగ్గర పేచీ వేరు. పదకవితా పితామహుడికి ఆ మీసమేమిటి, మరదళ్లతో ఆ డ్యూయెట్లేమిటి అని పండితులు గునిశారు. చరిత్ర ప్రకారం వాళ్ల మాటే సబబు. జనం మాత్రం ఆ పాటలనూ భరించి, చివరి అరగంటలో కళ్లు తుడుచుకున్నారు. కీరవాణికి జాతీయ అవార్డు, నాగార్జునకు ప్రత్యేక ప్రశంస దక్కాయి. ఆ సంకీర్తనలు అప్పటికే తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు ద్వారా, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి రికార్డుల ద్వారా ఇళ్లకు చేరాయన్నది మరిచిపోకూడదు. సినిమా వాటిని ఆటోలోకి, పెళ్లి పందిట్లోకి తెచ్చింది.

దేవుడి బొమ్మ పెడితే చాలు, జనం చూస్తారనుకుంటే పొరపాటే. అదే రాఘవేంద్రరావు, అదే నాగార్జున, అదే కీరవాణి, అదే వేంకటేశ్వరుడు. 2017లో 'ఓం నమో వేంకటేశాయ' హాళ్లలో నిలవలేదు.