పెద్ద యంత్రం, చిన్న నమూనా



బళ్ళారి కానివ్వండి, హోసూరు కానివ్వండి, బరంపురం, నాందేడు ఏదైనా కానివ్వండి, తరతరాలుగా అక్కడ స్థిరపడిన మన తెలుగువారికి ఒక అలవాటు ఉంది. ఇంట్లో తెలుగు, బజారులో ఆ ఊరి భాష. గడప దాటగానే మాట మారుతుంది. మాట మారినా లెక్క మాత్రం మారకూడదు. ఇంట్లో చెప్పిన వంద అంగడిలోనూ వందే కావాలి. ఈనాటి ప్రసంగంలో మీకు మనవి చేయబోయే చరిత్ర కూడా అటువంటిదే. మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటరు దగ్గరకు జావా అనే కొత్త భాష ఎలా వచ్చింది, ఆ రాకపోకల్లో చిన్న నమూనా ప్రోగ్రాములు ఏ పాత్ర వహించాయి అన్నది విషయం.

ముందుగా మెయిన్‌ఫ్రేమ్ అంటే ఏమిటో చూద్దాం. 1964 ఏప్రిల్ 7న అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ సిస్టమ్/360 అనే కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. అందులో చిన్నా పెద్దా కలిపి 6 నమూనాలు. అప్పటిదాకా యంత్రం మారిస్తే ప్రోగ్రాములన్నీ మళ్ళీ రాసుకోవలసి వచ్చేది. ఈ కుటుంబంలో మాత్రం చిన్న యంత్రానికి రాసిన ప్రోగ్రాము పెద్ద యంత్రంలోనూ నడుస్తుందని ఆ సంస్థ మాట ఇచ్చింది. సుమారు 500 కోట్ల డాలర్ల జూదమని ఆనాటి పత్రికలు రాశాయి. ఆ మాట నిలబడింది. తాతగారి కాలంలో రాసిన ప్రోగ్రాము మనుమడి కాలపు యంత్రంలో కూడా నడవడం ఆ కుటుంబానికే చెల్లింది. బ్యాంకులు, బీమా సంస్థలు, విమాన సంస్థలు, ప్రభుత్వాలు తమ ఖాతాలను దానికి అప్పగించడానికి ఇదే ముఖ్య కారణం.

1969లో సి.ఐ.సి.ఎస్. అనే ఏర్పాటు వచ్చింది. ఒకే సమయంలో వందలమంది గుమాస్తాలు తెర ముందు కూర్చుని ఒకే ఖాతాల మీద పని చేసినా, ఒకరి లెక్క మరొకరి లెక్కలో కలవకుండా చూడటం దాని పని. దాని కింద ఎక్కువగా నడిచినవి కోబాల్ భాషలో రాసిన ప్రోగ్రాములు. నల్లని తెర మీద ఆకుపచ్చ అక్షరాలు మీలో కొందరైనా చూసే ఉంటారు.

ఇక రెండవ పాత్ర జావా. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ ఈ భాషను లోకానికి ప్రకటించింది. జేమ్స్ గాస్లింగ్ దాని ముఖ్య రూపకర్త. ఒకసారి రాస్తే ఏ యంత్రంలోనైనా నడుస్తుందన్నది దాని ప్రచారం. 1997 నాటికి సర్వ్‌లెట్ అనే పద్ధతి రూపుదిద్దుకుంది. బ్రౌజరులో ఎవరైనా ఒక పేజీ అడిగితే, ఆ క్షణాన జవాబు తయారుచేసి పంపే చిన్న జావా ప్రోగ్రామే సర్వ్‌లెట్. 1999లో ఇటువంటి ప్రోగ్రాములనూ, వాటి బొమ్మలనూ, పేజీలనూ ఒకే మూటగా కట్టే ఏర్పాటు వచ్చింది. ఆ మూటకు వార్ ఫైలు అని పేరు. యుద్ధానికీ దానికీ సంబంధం లేదు, వెబ్ ఆర్కైవ్ అన్న మాటకు అది పొట్టి రూపం. ఆ మూటను తీసుకుపోయి సర్వరులో అమర్చి నడిపించడాన్ని డిప్లాయ్ చేయడం అంటారు.

ఇప్పుడు ఒక చిక్కు చూడండి. ఖాతాలన్నీ పాత యంత్రంలో ఉన్నాయి. ఖాతాదారులేమో కొత్త తరహాలో, బ్రౌజరు ద్వారా తమ లెక్క చూసుకోవాలంటున్నారు. ఖాతాలను కొత్త యంత్రాలకు తరలించాలా, లేక కొత్త భాషనే పాత యంత్రం దగ్గరకు రప్పించాలా? కోట్లమంది సొమ్ము ఉన్న పుస్తకాన్ని తరలించడం సామాన్యమైన పని కాదు. దారిలో ఒక్క వరుస తప్పినా ఎవరో ఒకరి పింఛను ఆగిపోతుంది. అందుకని చాలా సంస్థలు రెండవ దారి పట్టాయి. 1998లో ఐ.బి.ఎం. వెబ్‌స్పియర్ అప్లికేషన్ సర్వరును విడుదల చేసింది. తరువాతి కొద్ది సంవత్సరాల్లోనే అది ఓఎస్/390 మీదకూ, 2001లో వచ్చిన జెడ్/ఓఎస్ మీదకూ చేరింది.

సర్వరు వచ్చింది సరే, అది సరిగా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? అసలు ఖాతాల మీద ప్రయోగం చేయలేరు కదా! అక్కడే నమూనా ప్రోగ్రాముల అవసరం వచ్చింది. వెబ్‌స్పియరుతో పాటే రెండు చిన్న నమూనాలు ఇచ్చేవారు. మొదటిది స్నూప్. బ్రౌజరు నుంచి వచ్చిన అభ్యర్థనలో ఏమేమి వివరాలున్నాయో అన్నీ తెర మీద చూపిస్తుంది. రెండవది హిట్‌కౌంట్. పేజీని ఎన్నిసార్లు తెరిచారో లెక్కపెడుతుంది. ఇంత చిన్న వాటితో ఏం తెలుస్తుందని మీరు అనుకోవచ్చు.

చిన్నదాన్ని తక్కువగా చూడకూడదని మెయిన్‌ఫ్రేమ్ చరిత్రే చెబుతుంది. ఐ.ఇ.ఎఫ్.బి.ఆర్.14 అని ఒక ప్రోగ్రాము ఉంది. ఏమీ చేయకుండా తిరిగి రావడమే దాని పని. మొదట అందులో ఉన్నది ఒకే ఒక ఆదేశం, 2 బైట్లు. అందులోనూ తప్పు దొర్లింది! పని ముగించిన ప్రతి ప్రోగ్రామూ తన ఫలితాన్ని ఒక నిర్ణీత స్థానంలో ఉంచాలి. ఇది ఆ స్థానాన్ని సున్న చేయకుండానే వచ్చేసేది. అంతకుముందు అక్కడ ఏ అంకె మిగిలి ఉంటే అదే ఫలితంగా కనిపించేది. తరువాత ఇంకొక ఆదేశం చేర్చి 4 బైట్లు చేశారు. ఏమీ చేయని ప్రోగ్రాములోనే తప్పు ఉండగలిగినప్పుడు, పదిరకాల పనులు చేసే ప్రోగ్రామును పరీక్షించకుండా ఎలా నమ్ముతాం?

జావా నమూనాలు తెచ్చి పెట్టినవారికి ఎదురైన మొదటి ఇబ్బంది అక్షరాలదే. మన మామూలు కంప్యూటర్లు ఆస్కీ అనే సంకేతాల పట్టిక వాడతాయి. మెయిన్‌ఫ్రేమ్ వాడేది ఎబ్సిడిక్ అనే వేరే పట్టిక. ఆస్కీలో ఇంగ్లీషు పెద్ద ఎ అక్షరానికి 65 అంకె, ఎబ్సిడిక్‌లో 193. ఆస్కీ వరుసలో అంకెలు ముందు, అక్షరాలు తరువాత. ఎబ్సిడిక్‌లో అక్షరాలు ముందు, అంకెలు తరువాత. కనుక ఒకే జాబితాను రెండుచోట్లా వరుసలో పేరిస్తే రెండు రకాలుగా రావచ్చు.

దీని పర్యవసానం చూడండి. వార్ ఫైలును మామూలు కంప్యూటరు నుంచి మెయిన్‌ఫ్రేముకు పంపేటప్పుడు, అది రాతప్రతి అని చెబితే, దారిలో ప్రతి సంకేతాన్నీ ఒక పట్టిక నుంచి మరొక పట్టికకు మార్చేస్తారు. ఉత్తరానికైతే అది మేలే. బిగించి కట్టిన మూటకు అది చేటు. మూట చేరుతుంది గాని విప్పడానికి రాదు. అందుకే ఉన్నదున్నట్టు, బైనరీగా పంపమని చెప్పాలి. మూట చేరాక కూడా చిక్కు తీరదు. కొన్ని జావా ప్రోగ్రాములు అక్షరాలను బయటికి పంపేటప్పుడు ఏ పట్టిక వాడాలో చెప్పేవి కావు. అప్పుడు ఆ యంత్రపు అలవాటు పట్టికే అమలయ్యేది. సొంత బల్ల మీద చక్కగా నడిచిన పేజీ మెయిన్‌ఫ్రేము నుంచి వచ్చేసరికి అర్థంకాని గీతలయ్యేది. ఎక్కడైనా నడుస్తుందన్న మాటకు ఉన్న హద్దు ఇక్కడ తెలిసివచ్చింది.

ఇక్కడ మనవారు సంతోషించవలసిన విషయం ఒకటుంది. జావా తన లోపల వాడుకునేది యూనికోడ్ పట్టిక. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు ఇచ్చారు. అందులో మన అకారానికి 3077 అంకె. 256 గళ్ళ పట్టికతో పెరిగిన యంత్రంలోకి తెలుగు అక్షరాన్ని కూడా మోసుకుపోగల భాష అలా ప్రవేశించింది.

రెండవ పాఠం హిట్‌కౌంట్ నేర్పింది. జెడ్/ఓఎస్ మీద వెబ్‌స్పియర్ సర్వరులో వచ్చినవారిని పలకరించేది ఒక భాగం, పని చేసిపెట్టేవి వేరే భాగాలు. రద్దీని బట్టి ఆ పనివారి సంఖ్యను యంత్రమే పెంచగలదు. లెక్కను ప్రోగ్రాము తన జ్ఞాపకంలోనే దాచుకుంటే, ప్రతి పనివాడి దగ్గరా వేరు లెక్క ఉంటుంది. పేజీని తిరిగి తెరిస్తే ఒకసారి 7, మరొకసారి 3 కనిపించవచ్చు. నమూనాలో ఇది వింతగా ఉంటుంది. అదే బ్యాంకు నిల్వ అయితే? కనుక లెక్క అందరికీ ఉమ్మడిగా, డేటాబేసులో ఉండాలని ఆ చిన్న నమూనా ముందే హెచ్చరించింది.

నమూనాలకు ఒక పరిమితి కూడా ఉంది. సన్ సంస్థ జావా పద్ధతులు నేర్పడానికి పెట్ స్టోర్ అనే పెంపుడు జంతువుల దుకాణం నమూనాను తయారుచేసింది. 2001లో మైక్రోసాఫ్ట్ సంస్థ అదే దుకాణాన్ని తన డాట్‌నెట్‌తో రాసి, తమదే వేగమని ప్రకటించింది. పెద్ద వివాదం చెలరేగింది. పాఠం చెప్పడానికి రాసినదాన్ని పందెంలో పరుగెత్తించడం తగునా అని జావా పక్షంవారు అడిగారు. వేగం కొలవడానికి వేరే నమూనాలు కావలసి వచ్చాయి. ఐ.బి.ఎం. రాసుకున్న ట్రేడ్ అనే నమూనా 2005లో డేట్రేడర్ పేరుతో అపాచీ జెరోనిమో ప్రాజెక్టుకు చేరింది. అంతేకాదు, పరీక్ష ముగిశాక నమూనాలను అసలు సర్వరు నుంచి తీసివేయాలి. స్నూప్ మనకు చూపే లోపలి వివరాలు దొంగకు కూడా చూపిస్తుంది కదా!

ఖర్చు సంగతి కూడా చెప్పుకోవాలి. మెయిన్‌ఫ్రేములో వాడిన శక్తిని బట్టి సాఫ్ట్‌వేరు అద్దె పెరుగుతుంది. జావాకు శక్తి ఎక్కువ కావాలి. అందుకని 2004లో ఐ.బి.ఎం. జావా పనికే కేటాయించిన జాప్ అనే ప్రాసెసరును ప్రకటించింది. దాని మీద జరిగిన పనికి ఆ అద్దె లెక్కకు వచ్చేది కాదు. 2012 చివర వచ్చిన సి.ఐ.సి.ఎస్. 5.1లో లిబర్టీ అనే తేలికపాటి జావా సర్వరును సి.ఐ.సి.ఎస్. లోపలే చేర్చారు. 1969 నాటి ఇంట్లోనే జావాకు గది దొరికిందన్న మాట.

ఈ చరిత్రతో మన తెలుగువారికీ సంబంధం ఉంది. 2000 సంవత్సరం రాకముందు, ఏడాదిని రెండంకెలతో రాసిన పాత ప్రోగ్రాములను సరిచేయడానికి కోబాల్ తెలిసినవారు వేల సంఖ్యలో కావలసి వచ్చారు. హైదరాబాదు అమీర్‌పేటలో నేర్చుకుని అమెరికా వెళ్ళిన యువకులు మీ బంధువుల్లోనూ ఉండవచ్చు. ఆ పని ముగిశాక, ఇక కోబాల్ పని అయిపోయింది, జావా నేర్చుకోండి అన్న మాట వినిపించింది. అయితే 2020 ఏప్రిల్‌లో, కరోనా వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవారు సాయానికి రావాలని బహిరంగంగా కోరారు. పాతది పోయిందని అందరూ అనుకున్నారు గాని, అది లోపల పని చేస్తూనే ఉంది. తెలిసినవారే తగ్గిపోయారు.

కనుక మీ ఇంట్లో కంప్యూటరు చదువు చదివే పిల్లలుంటే ఈ రెండు మాటలు చెప్పండి. కొత్త భాష నేర్చుకోవడం ఎంత అవసరమో, పాత ఖాతా ఏ భాషలో రాసి ఉందో తెలుసుకోవడమూ అంతే అవసరం. ఏ పెద్ద పనికైనా ముందు ఒక చిన్న నమూనాను నిలబెట్టి చూడాలి. అది తప్పితే నష్టం ఒక పూట శ్రమ. అసలుది తప్పితే నష్టపోయేది ఆ ఖాతాలో పేరున్న మనిషి.