చెంబు లెక్క, తెరచాప

మా అనంతపురం వైపు సముద్రాలకేం కొదవ లేదు! నమ్మకపోతే పేర్లు చూడండి. ఊరికి ఆనుకునే బుక్కరాయసముద్రం, దానికి జంటగా అనంతసాగరం. పద్నాలుగో శతాబ్దంలో, విజయనగరాన్ని బుక్కరాయలు ఏలే రోజుల్లో కట్టించిన చెరువులివి. ఏడాదంతా కలిపి ఐదారు వందల మిల్లీమీటర్ల వాన పడే మెట్టనేల కదా! నాలుగు నీళ్ళు నిలిచేసరికి సముద్రాన్ని చూసినంత సంబరమైంది కాబోలు మనవాళ్ళకి.

ఇలాంటి చోట పుట్టిన దానికి తెరచాప పడవల మీద మోజేమిటని మా ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వనీండి. ఆ మోజు తెలుగువాళ్ళకి పాతదే. యజ్ఞశ్రీ శాతకర్ణి రెండో శతాబ్దంలోనే రెండు కొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేయించాడు. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి రేవులో మన వడ్రంగులు టేకు చెక్కతో ఓడలు కట్టారు. అక్కణ్ణించి బర్మాకి ఎంతమంది వెళ్ళారంటే, అక్కడ తెలుగువాళ్ళందరికీ ‘కోరంగీలు’ అనే పేరు పడిపోయింది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుఫాను ఉప్పెనై మీదపడి ఆ రేవుని తుడిచిపెట్టేసింది.

పెద్ద ఓడల వైభవం సరే, నాకు ముద్దొచ్చేది మాత్రం చిన్న పడవే. అందులోనూ ‘సుహైలీ’. పొడవు 32 అడుగులు, అంటే మన పెంకుటింటి వసారా పాటి. 1960లలో బొంబాయిలో మన వడ్రంగులు టేకుతో కట్టారు. బాడిసెతో చెక్కి, తాడు లాగి తిప్పే బరమాతో బెజ్జాలు వేసి చేసిన పడవ అది. రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ అనే ఇంగ్లీషు నావికుడు 1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్మత్ రేవులో దాన్నెక్కాడు. ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా భూమిని చుట్టి, 312 రోజుల తరవాత 1969 ఏప్రిల్ 22న అదే రేవులో దిగాడు. అలా చేసిన మొదటి మనిషి అతనే. పందెంలో బయల్దేరిన తొమ్మండుగురిలో చివరిదాకా వచ్చిందీ అతనొక్కడే.

నన్ను పట్టేసిన సంగతి వేరే ఉంది. దక్షిణ సముద్రంలో తుఫాను దెబ్బకి అతని తొట్టిలోని మంచినీళ్ళు పాడైపోయాయి. చుట్టూ అన్నీ నీళ్ళే, తాగడానికి గుక్కెడు లేవు! అప్పుడతను వాన పడ్డప్పుడల్లా తెరచాప మీంచి జారే నీళ్ళు పట్టి దాచుకున్నాడు. ఇది చదివి నేను ఉలిక్కిపడ్డాను. చూరు కింద కాగులు, బిందెలు, ఆఖరికి పిల్లల పాలగ్లాసులు కూడా వరసగా పేర్చిన మా అమ్మ గుర్తొచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకి, మొహం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి. చెంబు చెంబుకీ లెక్కే.

చిన్న పడవ అందమంతా ఈ లెక్కలోనే ఉందనిపిస్తుంది నాకు. ఉన్న చోటెంత, ఉప్పూ పప్పూ ఎన్నాళ్ళొస్తాయి, చినిగిన చాపకి మాసిక ఎక్కడ వెయ్యాలి? ఇదంతా సంసారం కాక మరేమిటి? గాలి మాత్రం ఉచితం. సుహైలీ అన్న పేరు కూడా అరబ్బు నావికులు ఒక గాలికి పెట్టుకున్నదే.

మరి ఇంత లెక్క తెలిసిన ఆడదానికి నీటి కథల్లో దక్కిందేమిటి? బుక్కరాయసముద్రం కట్ట తెగబోతే ముసలమ్మ అనే కోడలు ప్రాణమిచ్చి నిలిపిందంటారు. కట్టమంచి రామలింగారెడ్డి ఆ కథనే కావ్యంగా రాశారు. దండం పెట్టవలసిన త్యాగమే, కాదనను. కానీ చిన్నప్పుడు ఆ కథ విన్నప్పుడల్లా కట్ట సంగతి ముందే చూసుకోవలసిన మగవాళ్ళంతా ఏమైపోయారా అనుకునేదాన్ని.

అందుకే ‘తారిణి’ కబురు విని నా కడుపు నిండింది. అది 55 అడుగుల తెరచాప పడవ. లోపల చెక్క, పైన ఫైబర్ గ్లాసు పొరలు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు నావికాదళ ఆఫీసర్లు గోవా నుంచి అందులో బయల్దేరారు. ఆరుగురూ ఆడవాళ్ళే. వారిలో విశాఖపట్నం పిల్ల స్వాతి, హైదరాబాదు పిల్ల ఐశ్వర్య బొడ్డపాటి మన వాళ్ళు. నాలుగైదు రేవుల్లో ఆగుతూ భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. అదే తారిణిలో 2024 అక్టోబరులో దిల్నా, రూప అనే ఇద్దరే వెళ్ళి, 2025 మే నెలలో క్షేమంగా వచ్చారు.

తెరచాప దించడం, ఎత్తడం ఎవరైనా నేర్పితే వస్తుంది. ఉన్న నీళ్ళతో రేపటిదాకా గడపడం మాత్రం మా జిల్లా ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆషాఢమాసం వస్తే ఆరేసిన చీరల్ని తెరచాపల్లా ఉబ్బించే గాలికీ మా దగ్గర లోటు లేదు. ఇక కావలసింది చుక్కాని చేతికిచ్చేవాళ్ళే. ఏమంటారు?