గదిలోని కంప్యూటర్లను కలిపిన తీగె కథ

రామగిరి అనగానే బయటివారికి బంగారు గనులు, కొండలమీది గాలిమరలు గుర్తుకొస్తాయి. ఈసారి మేము వాటి జోలికి పోవడం లేదు. ఒక తీగె చరిత్ర రాస్తున్నాం. ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు చెప్పాలి.

స్కాలర్‌షిప్పు దరఖాస్తులకు అది ఆఖరి రోజు. మేము చూసుకునే గదిలో ఎనిమిది కంప్యూటర్లూ ఒక్కసారిగా మొండికేశాయి. తల్లులు కాగితాలు పట్టుకొని వాకిట్లో నిలబడ్డారు. బయటి లైను పోయిందని ఒకరన్నారు, వైరసు పట్టిందని ఇంకొకరన్నారు. అన్నీ ఆపి మళ్లీ వేశాం. లాభం లేకపోయింది.

ఒకే చోట ఉన్న కంప్యూటర్లను కలిపే పద్ధతుల్లో ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉన్నది ఈథర్‌నెట్. 1973 మే 22న అమెరికాలో జిరాక్స్ కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ దీన్ని గురించి ఒక నోటు రాశారు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దాన్ని పనిలో పెట్టారు. అన్ని యంత్రాలకూ ఒకటే తీగె. మాట్లాడబోయే యంత్రం ముందు తీగెలో ఇంకెవరి మాటైనా నడుస్తున్నదా అని వినాలి. రెండు ఒకేసారి నోరు తెరిస్తే రెండూ ఆగి, తలా కొంతసేపు ఊరకుండి మళ్లీ మొదలుపెట్టాలి. మన పంచాయితీల్లో ఈ మర్యాద ఉంటే ఎంత బాగుండును! 1983లో ఈ పద్ధతికి ఇంజనీర్ల సంస్థ ప్రమాణం ఖాయం చేసింది.

ఆ తొలి రోజుల్లో రిపేరు మహా కష్టం. సన్న కోయాక్సియల్ తీగె 185 మీటర్ల దాకా పోయేది. దాని రెండు కొసలకూ టెర్మినేటరు అనే బిరడా ఉండాలి. ఒక్క బిరడా వదులైనా, ఎక్కడ అతుకు ఊడినా గదంతా మూగబోయేది. 1990లో మెలితిప్పిన తీగెల పద్ధతికి ప్రమాణం వచ్చింది. ప్రతి కంప్యూటరుకూ విడి తీగె, అన్నీ చేరేందుకు నడుమ ఒక డబ్బా. తీగె నూరు మీటర్లు దాటకూడదు. అప్పటినుంచి ఒక తీగె తెగితే ఒక్క కంప్యూటరే ఆగుతుంది.

తప్పు వెతికే పనిముట్లకూ చరిత్ర ఉంది. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే ఆయన 'పింగ్' రాశారు. నీటి అడుగున ఉన్నదాన్ని శబ్దంతో కనిపెట్టే సోనార్ మోత పేరే దానికి పెట్టారు. 'ఉన్నావా?' అని పలకరిస్తుంది. అవతలి యంత్రం 'ఉన్నా' అంటే దారి బాగున్నట్లే.

మన రాష్ట్రంలో సామాన్యుడికి ఈ తీగెతో పని పడింది రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని రెండు వందలకు పైగా ఆఫీసుల్లో దస్తావేజుల పని కంప్యూటర్లకెక్కింది. 2017 డిసెంబరులో ఫైబర్‌నెట్ ప్రారంభమై, కరెంటు స్తంభాల మీదుగా తీగె పల్లెల దారి పట్టింది. బయటి తీగె ఎంత మంచిదైనా గది లోపలి తీగె సరిగా లేకుంటే ఏం ప్రయోజనం?

ఇక ఆనాటి సంగతి. మేమంతా తలా ఒక మాట అంటుంటే ఇంటరు చదివే అమ్మాయి ఒకతె ఆ డబ్బాలోని తీగెలు ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని కొసదాకా పోయింది. "చాచా, ఈ తీగె రెండు కొసలూ డబ్బాలోనే ఉన్నాయి సూడండి" అంది. ముందురోజు సాయంత్రం గది సర్దుతూ, నేలమీద పడిన కొస పిల్లల కాళ్లకు తగులుతుందని మాలో ఒకరు ఖాళీగా ఉన్న రంధ్రంలో గుచ్చారు. అంతే, పంపిన కబురు అందులోనే గుండ్రంగా తిరిగి తిరిగి, వేరే మాటకు సందు లేకుండా చేసింది. ఈ చుట్టును తెంచే ఉపాయం రేడియా పెర్ల్‌మన్ అనే మహిళ 1985లోనే కనిపెట్టారు. చవక డబ్బాల్లో చాలావాటికి అది ఉండదు. మాదీ అటువంటిదే.

తీగె పీకగానే అన్నీ పలికాయి. దరఖాస్తులు పోయాయి. కానీ ఇద్దరు పిల్లల కాగితాలు ఎక్కించేలోగా గడువు దాటింది. ఆ తల్లులకు జవాబు చెప్పుకోవలసినవాళ్లం మేమే.

అప్పటినుంచి వరుస తప్పకుండా చూస్తున్నాం. మొదట కరెంటు, తరువాత డబ్బామీది దీపం, తరువాత తీగె, ఆపైన గదిలోని డబ్బాకు పింగ్, చివరికి బయటి లైను. ప్రతి తీగెకూ రెండు కొసల్లో అంకె రాశాం. ఏం మార్చినా తేదీ వేసి నోటుబుక్కులో ఎక్కిస్తున్నాం. మనది వానలు తక్కువైన నేల. ఎండిన మట్టిలో ఎర్తింగు సరిగా పనిచేయదు, పిడుగుపాటుకు డబ్బాలు కాలిపోవచ్చు. అందుకే ఎండాకాలంలో ఎర్తు గుంతకు నీళ్లు పోయడం మరవం.

ఈ పని నేర్చుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఓపిక, వరుస, నిజం ఒప్పుకునే మనసు కావాలి. మన ఇళ్లల్లోని అబ్బాయిలు, అమ్మాయిలు వచ్చి నేర్చుకుంటే నేర్పడానికి మేము సిద్ధం. ఆ నోటుబుక్కు ఇప్పుడు ఆ అమ్మాయి చేతిలోనే ఉంది.