అమ్మకానికి కాదు

నాలుగు కుటుంబాలు కలిసి ఊరి బయట ఫారానికి వెళ్ళి, ఒక మేకను బేరమాడి, కోయించుకుని వాటాలు వేసుకోవడం అమెరికాలోని తెలుగువాళ్ళలో చాలామందికి తెలిసిన పనే. పండగపూట వేటను కోసి పోగులు పెట్టుకునే మన ఊరి అలవాటు మనతోపాటే వచ్చింది. అయితే అలాంటి మాంసం పొట్లాల మీద పడే "అమ్మకానికి కాదు" అన్న ముద్ర మాత్రం ఈ దేశానిది. దాని వెనక నూరేళ్ళు దాటిన కథ ఉంది.

ఒకప్పుడు ఇక్కడి రైతులూ చలికాలంలో పందినో కోడెనో ఇంటి దగ్గరే కోసి, ఉప్పు పట్టించి, పొగబెట్టి దాచుకునేవారు. 1865 డిసెంబరులో షికాగోలో యూనియన్ స్టాక్ యార్డ్స్ తెరుచుకున్నాక పశువులు రైళ్ళలో అక్కడికి చేరసాగాయి. కోడె బరువులో కోశాక మిగిలేది సుమారు 60 శాతమే. మిగతా బరువుకు కూడా రైలు కిరాయి ఎందుకు కట్టాలని గస్టవస్ స్విఫ్ట్ అనే వ్యాపారి ఆలోచించాడు. 1880ల నాటికి మంచుతో చల్లబరచిన రైలు పెట్టెల్లో కోసిన మాంసాన్నే తూర్పు నగరాలకు పంపసాగాడు. ధర తగ్గింది. ఊళ్ళో కసాయికి పని కూడా తగ్గింది.

1906లో అప్టన్ సింక్లెయిర్ రాసిన 'ది జంగిల్' నవల షికాగో కబేళాల మురికిని బయటపెట్టింది. ఆ ఏడాది జూన్‌లోనే మాంసం తనిఖీ చట్టం వచ్చింది. కానీ అది రాష్ట్రం దాటే మాంసానికే వర్తించేది. రాష్ట్రాల లోపల అమ్మే మాంసానికీ అదే స్థాయి తనిఖీ ఉండాలని మరో చట్టం చెప్పడానికి 1967 దాకా పట్టింది. అధ్యక్షుడు జాన్సన్ దాని మీద సంతకం చేస్తున్నప్పుడు 89 ఏళ్ళ సింక్లెయిర్ అక్కడే ఉన్నాడు.

ఆ చట్టం ఒక చిన్న తలుపు తెరిచి ఉంచింది. ఎవరి పశువును వాళ్ళు తమ ఇంటివాళ్ళ కోసం కోయించుకుంటే ప్రతి పశువునూ ఇన్‌స్పెక్టరు పరీక్షించనక్కర్లేదు. అందుకే ఇక్కడ మనం కొనేది మాంసం కాదు, ప్రాణంతో ఉన్న పశువులో వాటా. కసాయికి ఇచ్చేది కోత కూలి. డబ్బివ్వని అతిథులకు ఆ మాంసం వడ్డించవచ్చు. సంఘం పిక్నిక్‌లో టికెట్టు పెట్టి వడ్డించకూడదు. ప్రభుత్వం వాళ్ళు ఆ కబేళా శుభ్రతను అప్పుడప్పుడూ చూసి వెళతారు, అంతే. మిగతా నమ్మకమంతా రైతును, కసాయిని ఎరిగి ఉండటం మీదే నిలబడుతుంది.

అదే 1967లో ఐబీపీ అనే కంపెనీ ముక్కలు కోసి, గాలి తీసి మూసిన మాంసాన్ని పెట్టెల్లో దుకాణాలకు పంపడం మొదలుపెట్టింది. దాంతో సూపర్‌మార్కెట్లలోనూ కోత పని తగ్గిపోతూ వచ్చింది. ఇవాళ దేశంలో దాణా పెట్టి పెంచిన పశువుల్లో సుమారు 85 శాతాన్ని నాలుగు కంపెనీలే కోస్తున్నాయి.

ఇందులోని ప్రమాదం 2020లో తెలిసింది. కోవిడ్ వల్ల ఏప్రిల్‌లో సౌత్ డకోటాలోని సూ ఫాల్స్ పంది మాంసం కర్మాగారం మూతపడింది. అలాగే మరికొన్ని ఆగిపోయాయి. కోసే చోటు లేక రైతులు పందులను చంపి పూడ్చేశారు. దుకాణాల్లో మాత్రం అరలు ఖాళీ. జనం చిన్న కసాయిల దగ్గరికి పరుగెత్తితే, చాలాచోట్ల నెలల తరబడి ఖాళీ లేదన్నారు. పశువులున్నాయి, తినేవాళ్ళున్నారు, మధ్యలో కత్తి పట్టేవాళ్ళే కరువయ్యారు.

ఇలా కొనేవాళ్ళు ఒక లెక్క తెలుసుకోవాలి. చాలామంది రైతులు తోలు, తల, పేగులు తీసి కొక్కేనికి వేలాడదీసిన బరువుకు ధర కడతారు. ఇంటికొచ్చే పొట్లాలు అంతకన్నా తక్కువ తూగుతాయి. కోతకు ముందే కసాయి ఒక కాగితం ఇస్తాడు. ముక్కలు ఎంత సైజులో కొట్టాలో, ఎముకలు ఉంచాలో వద్దో అందులో రాయాలి. తలకాయ, కాళ్ళు, కార్జం, బోటీ కావాలంటే ముందే అడగాలి. అడగకపోతే అవి చెత్తలోకి పోవచ్చు.

చట్టం తెరిచి ఉంచిన ఆ తలుపు కాగితం మీద ఎప్పటికీ ఉండొచ్చు. కానీ దాని అవతల కత్తి పట్టే మనిషి ఉండాలంటే, కరువు వచ్చిన ఏడాదే కాక మామూలు రోజుల్లో కూడా అతని దగ్గరికి వెళ్ళేవాళ్ళుండాలి. మన పోగుల బేరం అతనికి చిన్నదే కావచ్చు, కానీ ఏటా తప్పకుండా వచ్చేది.