ఇంటికప్పు ఎవలేసిన్రు?

యుద్ధం సినిమా అనగానే మనకు తుపాకులు, టాంకులు, చివర్న జెండా, వెనకాల విజయగీతం గుర్తుకొస్తాయి. 1978లో, మిరుగం ఇంకా పదిరోజులుందనగా, హనుమకొండలో ఒక కాలేజీ హాలులో రష్యన్ సినిమా వేస్తున్నారంటే నేనూ ఆ ఆశతోనే వెళ్ళాను. నాలుగురోజుల సెలవు మీద ఊరికి వచ్చి ఉన్నాను కనుక అమ్మను కూడా వెంటబెట్టుకున్నాను. “రష్యావాళ్ళ సినిమా నాకేం సమజైతది బిడ్డా?” అంటూనే బయలుదేరింది.

ఆ సినిమా పేరు ‘బాలడ్ ఆఫ్ ఎ సోల్జర్’. మన మాటల్లో చెప్పాలంటే, సైనికుని గాథ.

అన్నట్టు, ఆ రోజుల్లో మాకు రష్యా మరీ పరాయిదేశమేమీ కాదు. విశాలాంధ్ర పుస్తకాల బండిలో గోర్కీ, టాల్‌స్టాయ్ తెలుగులో, అదీ చవగ్గా దొరికేవారు. ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నని కాగితాలు మా నోటుపుస్తకాలకు అట్టలయ్యేవి. కానీ సినిమా సంగతి వేరు. అది టాకీసుల్లో ఆడదు. ఫిల్మ్ సొసైటీల చేతుల మీదుగా రావాలి. చిత్రమేమిటంటే ఈ సినిమా వచ్చిన 1959లోనే సత్యజిత్ రాయ్ అధ్యక్షులుగా మన దేశంలో ఫిల్మ్ సొసైటీల సమాఖ్య ఏర్పడింది. అదే ఏడాది కాజీపేట దగ్గర ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. సినిమా, దాన్ని తెచ్చే దారి, చూసే కుర్రకారు, మూడూ ఒకే ఏట మొలకెత్తాయన్నమాట!

ఇక కథ చిత్తగించండి. అల్యోషా పందొమ్మిదేళ్ళ కుర్రాడు. రెండు జర్మన్ టాంకులను పడగొట్టాడు. పతకం ఇస్తామంటే వద్దన్నాడు. అమ్మ ఇల్లు కురుస్తోందట, పోయి కప్పు బాగుచేసి వస్తానన్నాడు. పోవడానికి రెండురోజులు, రావడానికి రెండురోజులు, కప్పుకు రెండురోజులు: మొత్తం ఆరురోజుల సెలవు దొరికింది.

అంతే, యుద్ధం అక్కడికి సరి. మిగిలినదంతా రైళ్ళు, స్టేషన్లు. కాలు పోయి, భార్య ముఖం చూడ్డానికి జంకుతున్న సైనికుడికి తోడుంటాడు. ముక్కూమొహం తెలియని వాడు తన ఇంట్లో ఇమ్మన్న సబ్బుబిళ్ళల కోసం ఊరంతా తిరుగుతాడు. గూడ్సుబండిలో ఎదురైన షూరా అనే అమ్మాయితో, చెప్పుకోలేని ప్రేమ ఒకటి. ఇలా దారి పొడుగునా పరాయివాళ్ళకు తన రోజులు పంచిపెడుతూ పోతాడు. చివరి రైలు కాస్తా బాంబు దెబ్బ తింటుంది. ఇల్లు చేరేసరికి మిగిలింది నిమిషాలే. తల్లి పొలాలకు అడ్డంపడి పరుగెత్తుకొస్తుంది. వాటేసుకుంటుంది. అతను వెళ్ళిపోతాడు. మళ్ళీ రాడు. రాడన్న సంగతి సినిమా మొదట్లోనే చెప్పేస్తారు.

దర్శకుడు గ్రిగొరీ చుఖ్రాయ్ స్వయంగా పారాచూట్ దళంలో పనిచేసి, స్టాలిన్‌గ్రాడ్‌లో పోరాడి, గాయపడి వచ్చినవాడు. అంతకుముందు 1950లో వచ్చిన ‘బెర్లిన్ పతనం’లో విజయమంతా స్టాలిన్‌దే. తెల్లటి దుస్తుల్లో విమానం దిగి మరీ దర్శనమిస్తాడు. 1953లో స్టాలిన్ పోయాక గాలి మారింది. ఆ యుద్ధంలో సుమారు 2 కోట్ల 70 లక్షలమంది సోవియట్ ప్రజలు చనిపోయారు. వాళ్ళలో ఒక్కణ్ణి తీసుకుని, ‘వీడు బతికుంటే ఏమై ఉండేవాడు?’ అని అడిగింది ఈ సినిమా. తరవాత ఎన్నో మంచి యుద్ధచిత్రాలకు అదే ప్రశ్న గుండెకాయ అయింది. 1960లో కాన్‌లో బహుమతి వచ్చింది. 1962లో అమెరికావాళ్ళు దీని స్క్రీన్‌ప్లేను ఆస్కార్‌కు నామినేట్ చేశారు. క్యూబా దగ్గర రెండు దేశాలూ క్షిపణులతో కళ్ళెర్రజేసుకున్నది కూడా ఆ ఏడాదే!

హాలులో నేను తెరమీది ఇంగ్లీషు అక్షరాలు చదివి అమ్మ చెవిలో చెబుతూ కూర్చున్నాను. కాసేపటికి, “ఇగ సాలు, నాకు తెలుస్తాంది” అంది. అయిపోయాక ఆమె ఏడవలేదు. రిక్షాలో మట్టెవాడ దాకా పలుకూ లేదు, ఉలుకూ లేదు. ఇంటి ముందు దిగాక అడిగింది:

“గా పోరడు పాయె. మరి ఆ తల్లి ఇంటికప్పు ఎవలేసిన్రు బిడ్డా?”

నా దగ్గర జవాబు లేదు. తలెత్తి చూస్తే మా ఇంటి గూనపెంకలు. కిందటేడు రెండుచోట్ల కురిసిందని ఆమె ఉత్తరంలో రాయించింది. నేను వచ్చి మూడురోజులైంది. దోస్తులు, హోటళ్ళు, సినిమాలతో సరిపోయింది. అమ్మ నన్నేమీ అడగలేదు. అడిగింది రష్యావాడి గురించే.

మరునాడు సెలవు అయిపోయింది. కాజీపేటలో బండెక్కాను. ఆ ఏడు పెంకలు సర్దించింది పక్కింటాయన.

1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. ‘సోవియట్ భూమి’ ఆగిపోయింది. చుఖ్రాయ్ 2001లో కన్నుమూశాడు. మా ఇల్లు స్లాబు అయింది, దాన్ని చూడ్డానికి అమ్మ లేదు. సినిమా మాత్రం ఇప్పుడు చేతిలోని ఫోనులోనే దొరుకుతోంది. మొన్న మా అబ్బాయి చూశాడు. “యుద్ధం సినిమా అన్నావు, యుద్ధమేది నాన్నా?” అన్నాడు.

నేను అమ్మ ప్రశ్నే అడిగాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, “ఈసారి సెలవు ఇంకో రెండురోజులు పొడిగిస్తాలే” అన్నాడు.